శ్వేతపత్రం గెలిచాకే ఎందుకు? ఎన్నికల ముందు వేస్తే ఓట్లు పోతాయా?

తుంగభద్ర
తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. ఆ నెల పూర్తికాకుండానే అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టి అప్పు రూ.6.71 లక్షల కోట్లన్నారు. ఆంధ్రలో 2024 జూన్‌లో మారింది. జులైలో వరసపెట్టి శ్వేతపత్రాలు. నాకు అర్థమైనంతలో రెండు చోట్లా చెప్పింది ఒకటే: ఖజానా ఊడ్చేశారు, కాస్త ఓపిక పట్టండి.

ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఇదే అప్పు మీద రోజూ ప్రెస్‌మీట్లు పెట్టారు కదా. రాష్ట్రం శ్రీలంక అయిపోతోందన్నారు. అంటే సంగతి తెలుసు. తెలిసే, పాత పథకాల కంటే పెద్దవి మేనిఫెస్టోలో రాశారు. వచ్చే ఎన్నికలకు ఏ పార్టీ అయినా సరే, పథకాల జాబితా పక్కన "డబ్బు ఇక్కడి నుంచి తెస్తాం, ఈ ఖర్చు ఆపుతాం" అని ఒక్క పేజీ కలిపితే ఏమవుతుంది? నిజంగా ఓడిపోతుందా? మీ పార్టీ మా పార్టీ అని తన్నుకోకుండా చెప్పండి.

కొల్లేటి కొంగ
ఓడిపోదు. డిపాజిట్ కూడా రాదు.

బూత్ ఏజెంట్
కొంగ నవ్వులాటకి అన్నా నిజమే అది. ఏ పార్టీ అన్నది వదిలేయండి, నేను చాలా ఏళ్లుగా బూత్‌లో కూర్చుంటున్నాను. ఆపబోయే పథకం పేరు చెప్పగానే, అది అందుకుంటున్న వాళ్లంతా ఆ సాయంత్రానికే ఎదురు తిరుగుతారు. కొత్తగా ఇస్తామన్న దాన్ని మాత్రం అందుకోబోయే వాళ్లు ఇంకా నమ్మరు. కోపం ఇవాళే మొదలవుతుంది, సంతోషం డబ్బు పడ్డాక. మధ్యలో పోలింగ్ ఉంది. ఇంత చిన్న లెక్క పార్టీలకి తెలీదా తమ్ముడూ?

ట్రెజరీ పాతకాపు
పదవీ విరమణ చేసినవాణ్ని, నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను. "వచ్చి చూశాక గానీ తెలియలేదు" అనే మాటలో సగమే నిజం. రాష్ట్రాల రాబడి, ఖర్చు, అప్పు ఎంతన్నది ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నెలనెలా పెడుతుంది, ఎవరైనా చూసుకోవచ్చు. నికర అప్పు మీద కేంద్రం పెట్టే పరిమితి రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో సుమారు 3 శాతం. కార్పొరేషన్ల పేరుతో తెచ్చి బడ్జెట్ నుంచి కట్టే అప్పుల్ని కూడా కొన్నేళ్లుగా కేంద్రం ఆ లెక్కలోకే తెస్తోంది. కాబట్టి అధికారంలోకి వస్తే ఏడాదికి ఎంత అప్పు తేగలమో ప్రతిపక్షం ముందే ఉజ్జాయింపుగా లెక్కేసుకోవచ్చు. బయటివాళ్లకి నిజంగా తెలియనిది పెండింగ్ బిల్లుల గుట్ట. కాంట్రాక్టర్లవి, ఉద్యోగుల బకాయిలు, ఆరోగ్యశ్రీ కింద ఆసుపత్రులకి కట్టాల్సినవి. అది లోపలికి వెళ్తే గానీ పూర్తిగా కనపడదు.

ఇంకో సంగతి. డబ్బు తక్కువైనప్పుడు ముందు ఏది ఆగుతుందో మేనిఫెస్టోలో ఎవరూ రాయరు. జీతాలు, పెన్షన్లు, వడ్డీ ముందు పోవాలి. తర్వాత మీట నొక్కి ఖాతాల్లో డబ్బు వేసే పథకాలు, ఎందుకంటే తేదీ ప్రకటించేశారు. చివర మిగిలేది రోడ్డు, కాలువ, స్కూలు గోడ. వాటిని ఎవరూ రద్దు చేయరు. బిల్లు ఆపుతారంతే, పని దానంతటదే ఆగిపోతుంది.

సాగరతీరం
మాస్టారు చివర చెప్పిందే నాకు అసలు విషయంలా ఉంది. 2019 నుంచి 2024 దాకా ఆంధ్రలో ఖాతాల్లోకి వేసిన డబ్బు రెండున్నర లక్షల కోట్ల పైమాటేనని అప్పుడు అధికారంలో ఉన్న వైసీపీయే ప్రతి సభలో చెప్పింది. వేశారు కూడా, మా వీధిలోనే ఎంతమందికి వచ్చిందో చూశాను. అయినా 151 సీట్ల నుంచి 11కి పడిపోయారు. గుంతల రోడ్డు మీద బండి నడిపే ప్రతివాడికీ రోజూ ప్రభుత్వం గుర్తొస్తుంది, ఖాతాలో పడిన డబ్బు ఆ ఒక్క రోజే గుర్తుంటుంది. దీన్నిబట్టి డబ్బు పంచితే ఓట్లు రావని తేలిపోలేదా?

రాయలసీమ రైతు
తేలలేదమ్మా. సీట్లు కాదు, ఓట్లు చూడు. 2019లో 49.95 శాతం, 2024లో 39.37 శాతం. అవతల ముగ్గురు కలిశారు, అందుకే సీట్లు అలా ఊడ్చుకుపోయాయి. పది శాతం పోయింది నిజమే. కానీ ఆ గాలిలో కూడా ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు నిలబడ్డారంటే ఆ డబ్బు వల్ల కాకపోతే దేనివల్ల? పథకాలు లేకపోతే ఆ నలుగురూ ఉండేవాళ్లు కాదు.

సాగరతీరం
అన్నా, 2019లో తెలుగుదేశానికి కూడా 39 శాతమే కదా వచ్చింది. అప్పుడు వాళ్లు అంత డబ్బు పంచలేదు. అది ఇక్కడ ఏ పెద్ద పార్టీకైనా ఓడినప్పుడు మిగిలే ఓటేమో.

కొల్లేటి కొంగ
అబ్బ. దీనికి జవాబు చెప్పండి రైతన్నా.

రాయలసీమ రైతు
పంచలేదా? పసుపు-కుంకుమ మర్చిపోయారా?

బూత్ ఏజెంట్
మంచి మాట తెచ్చావు. దీని మీద నేను చాలా ఆలోచించాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

రెండు రాష్ట్రాలు, కొద్ది నెలల తేడా, ఒకే ఎత్తుగడ. తెలంగాణలో 2018 మే 10న రైతుబంధు మొదలైంది, ఎకరానికి సీజన్‌కి 4 వేలు. డిసెంబర్ 7న పోలింగ్, టీఆర్‌ఎస్‌కి 88 సీట్లు. ఆంధ్రలో 2019 ఫిబ్రవరి నుంచి డ్వాక్రా మహిళలకి పసుపు-కుంకుమ, 10 వేలు మూడు చెక్కుల్లో: 2,500, 3,500, 4 వేలు. మూడోది ఏప్రిల్‌లో, ఏప్రిల్ 11నే పోలింగ్. తెలుగుదేశానికి 23 సీట్లు. ఎన్నికల ముందు డబ్బు వేస్తే గెలుస్తారనేవాళ్లు మొదటిది చూపిస్తారు, గెలవరనేవాళ్లు రెండోది చూపిస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లే తక్కువ.

నాకు కనిపించిన తేడా ఇది. రైతుబంధుకి ముందు ఆ మాట మీద ఎవరికీ బాకీ లేదు. అడక్కుండా వచ్చింది, ఎకరాల లెక్క అందరికీ ఒకటే, పంట పెట్టుబడికి అనే కారణం అందరికీ అర్థమైంది. పసుపు-కుంకుమకి 2014 నాటి బాకీ ఉంది. డ్వాక్రా రుణాలు మాఫీ అన్నారు. చాలాచోట్ల ఆ మాట నమ్మి మహిళలు కిస్తీలు కట్టడం ఆపేశారు, వడ్డీ పెరిగింది. తర్వాత మాఫీ కాస్తా పెట్టుబడి నిధి అయింది. అలాంటి ఇంటికి ఐదేళ్ల తర్వాత పోలింగ్ ముందు చెక్కు వస్తే, తీసుకుంటూనే "ఇన్నాళ్లూ ఏమైంది" అంటారు. మా బూత్‌లో సరిగ్గా ఇదే మాట విన్నాను. అవతలి పార్టీ ఏం చెప్పింది? ఎన్నికల రోజుకి ఉన్న మీ సంఘం అప్పు మొత్తం నాలుగు విడతల్లో మీ చేతికే ఇస్తాం అంది. చేతిలో ఉన్న చెక్కు కంటే ఆ మాటకే విలువ ఎక్కువైంది.

అందుకే తుంగభద్ర అడిగిన ప్రశ్నకి నా జవాబు: జనం రాష్ట్రం లెక్క అడగరు. తమకి ఇచ్చిన మాట లెక్క మాత్రం పైసలతో సహా గుర్తుపెట్టుకుంటారు.

పాలమూరు బిడ్డ
మా దగ్గర 2023లో ఇంకో ముచ్చట జరిగింది. పోలింగ్ నవంబర్ 30న. రైతుబంధు వేసుకోవచ్చని ఎన్నికల సంఘం ముందు అనుమతి ఇచ్చింది. ఒక మంత్రి ప్రచారంలో ఆ డబ్బు పడే సంగతి చెప్పుకున్నారని నవంబర్ 27న అదే సంఘం వెనక్కి తీసుకుంది. అంటే డబ్బు వేయడం కన్నా, వేస్తున్నామని చెప్పుకోవడమే ముంచింది. ప్రచారం ఎట్లుండాలి అనే చర్చ కాబట్టి చెబుతున్నా.

ఇక కాంగ్రెస్ ఆరు గ్యారంటీలు. ప్రభుత్వం డిసెంబర్ 7న వచ్చింది, మహిళలకు ఉచిత బస్సు 9న మొదలైంది. రెండు రోజులు! అదే మహాలక్ష్మి గ్యారంటీలో నెలకు రూ.2,500 మాత్రం వెనకబడింది. ఎందుకో చూడండి. బస్సుకి లబ్ధిదారుల జాబితా అక్కర్లేదు, బ్యాంకు ఖాతా అక్కర్లేదు, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవడమే. ఆర్టీసీకి ప్రభుత్వం కట్టేది తర్వాత కడుతుంది. రూ.2,500 అంటే ఒక్కరికి ఏడాదికి 30 వేలు. 50 లక్షల మంది అనుకున్నా రూ.15 వేల కోట్లు, అదీ నగదు, ప్రతి నెలా. రెండూ ఒకే గ్యారంటీలో ఒకే వాక్యంలో ఉన్నయి. చదివేవాళ్లకి బరువు ఒకటే అనిపిస్తది.

రుణమాఫీ సంగతి కూడా. 2024 జులై 18న లక్ష దాకా, 30న లక్షన్నర దాకా, ఆగస్టు 15న రెండు లక్షల దాకా అన్నరు. మాఫీ అయిన రైతు సంతోషపడి ఇంట్ల కూసుంటడు. రేషన్ కార్డు తిరకాసుతోనో ఇంకో కారణంతోనో కానివాడు రోజూ చౌరస్తాల మాట్లాడతడు. ఊరంతా వినేది వాని మాటే.

ట్రెజరీ పాతకాపు
పాలమూరు లెక్కకి ఆంధ్ర లెక్క జోడిస్తాను. తెలుగుదేశం కూటమి 2024లో ఇచ్చిన సూపర్ సిక్స్ హామీల్లో మహిళలకి ఆడబిడ్డ నిధి నెలకి రూ.1,500. కోటి మంది అనుకుంటే ఏడాదికి రూ.18 వేల కోట్లు. పెన్షన్ 3 వేల నుంచి 4 వేలకి పెంచడం చిన్నదిగా వినిపిస్తుంది. సుమారు 65 లక్షల పెన్షన్లకి ఆ వెయ్యి పెంపే ఏడాదికి రూ.7,800 కోట్లు. ఈ గుణకారాలు ఎనిమిదో తరగతి పిల్లవాడు చేస్తాడు. ప్రచారంలో పార్టీలు చేసి చూపించవు, విలేకరులు అడగరు.

సాగరతీరం
పెన్షన్ మాటొచ్చింది కాబట్టి, మాటని ఎలా చెప్పాలో దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2019లో వైసీపీ వాళ్లు 3 వేలకి పెంచుకుంటూ పోతాం అన్నారు. మొదటి పెంపు 2,250. ఆ తర్వాత 2,500, 2,750, చివరికి 2024 జనవరిలో 3 వేలు. చెప్పింది చేశారు, తప్పు పట్టడానికి లేదు. కానీ ప్రతి పెంపు 250. అవతలివాళ్లు "పెంచుకుంటూ పోవడం" మీద ఐదేళ్లు జోకులు వేశారు. 2024లో ఆ అవతలివాళ్లే ఏమన్నారు? 4 వేలు, అదీ ఏప్రిల్ నుంచి లెక్కేసి. జులై 1న ఒకేసారి 7 వేలు చేతిలో పెట్టారు. మొత్తం ఖర్చు సంగతి పక్కన పెట్టండి, ఒకే రోజు కనపడేలా ఇవ్వడం వేరు, ఐదేళ్లలో కరిగించి ఇవ్వడం వేరు.

కొల్లేటి కొంగ
అయితే ఐదేళ్లూ ఏమీ ఇవ్వకుండా చివర్లో ఒకేసారి ఇస్తే సరి. ఆగండి, అది పసుపు-కుంకుమ అయింది కదా. మళ్లీ మొదటికొచ్చాం.

కోర్టు పక్షి
ఆలస్యంగా వచ్చాను. తుంగభద్ర గారూ, మీరు అడిగే ఆ ఒక్క పేజీ ఇప్పటికే నియమావళిలో ఉంది, ఎవరూ పట్టించుకోరంతే. తమిళనాడు కలర్ టీవీల కేసులో 2013లో సుప్రీంకోర్టు, ఇలాంటి హామీలు అవినీతి చర్య కిందికి రావంటూనే మేనిఫెస్టోల మీద మార్గదర్శకాలు తయారు చేయమని ఎన్నికల సంఘానికి చెప్పింది. వాటిని ఎన్నికల ప్రవర్తనా నియమావళిలో చేర్చారు. హామీ వెనుక హేతువు ఉండాలి, డబ్బు ఎలా తెస్తారో స్థూలంగా చెప్పాలి అని అందులో ఉంది. 2022 అక్టోబర్‌లో సంఘం ఇంకో అడుగు వేసి, ఏ హామీకి ఎంత ఖర్చు, ఏ పన్ను పెంచుతారు, ఏ ఖర్చు తగ్గిస్తారు, అప్పు ఎంత తెస్తారు అని నింపే ఒక నమూనా పత్రాన్ని పార్టీలకి పంపి అభిప్రాయం అడిగింది. చాలా పార్టీలు వద్దన్నాయి. మా పని మీకెందుకు అన్నది వాళ్ల వాదన.

ఆ వాదన పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదని నా ఉద్దేశం. ఏది ఉచితం, ఏది సంక్షేమం అని తేల్చే పని ఎన్నిక కాని అధికారి చేతిలో పెట్టడం ప్రమాదమే. జనం అడిగితే పార్టీ చెప్పడం ఒకటి, నింపకపోతే మేనిఫెస్టో చెల్లదని ఎవరో అనడం ఇంకొకటి.

రాయలసీమ రైతు
ఈ లెక్కలన్నీ సరే. 2024లో అసలు దెబ్బ కొట్టింది ఏ లెక్కా కాదు. భూమి ఎవరిదో ప్రభుత్వ రికార్డులో తేల్చే ల్యాండ్ టైట్లింగ్ చట్టం. మీ భూమి పోతుందని ఊరూరా భయపెట్టారు. ఆ చట్టం నీతి ఆయోగ్ ఇచ్చిన నమూనా నుంచి వచ్చింది. ఏ ఒక్క ఎకరా పోలేదు. రెండున్నర లక్షల కోట్లు ఒక పుకారు ముందు ఓడిపోయాయి.

బూత్ ఏజెంట్
పుకారు అనుకో, భయం అనుకో, అది ఎందుకు అంటుకుందో చూడాలి కదా. పాస్‌బుక్ మీద ముఖ్యమంత్రి ఫోటో ఉంది. సరిహద్దు రాళ్ల మీద కూడా. తాత ఇచ్చిన పొలానికి కాగితం తీసి చూసుకుంటే మొదట కనపడేది ఆయన. ఆ ఫోటో వేయమని ఎవరు సలహా ఇచ్చారో గానీ అవతలి పార్టీ ప్రచారానికి పైసా ఖర్చు లేకుండా పని చేసిపెట్టాడు. ఎవరైనా వచ్చి "నీ భూమి మీద వాళ్ల కన్నుంది" అంటే సాక్ష్యం ఇంట్లో బీరువాలోనే ఉంది. చట్టంలో సెక్షన్లు ఎవరు చదువుతారు?

తుంగభద్ర
కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే ఆ చట్టం రద్దు చేసింది. అది పైసా ఖర్చు లేని హామీ. బహుశా అన్నిట్లోకీ చవకైనదీ, బాగా పనిచేసినదీ అదే.

మోడరేటర్
రెండు కామెంట్లు తీసేశాను. కులాల పేర్లతో ఓట్ల లెక్కలు వేయాలంటే వేరే చోటు చూసుకోండి.

కొల్లేటి కొంగ
పార్టీల సొంత ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదేం? 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసిన ఎన్నికల బాండ్ల (పార్టీలకి విరాళాలిచ్చే పద్ధతి) లెక్కలో బీఆర్‌ఎస్‌కి రూ.1,200 కోట్లకు పైగా వచ్చింది, దేశంలో నాలుగో స్థానం. 2023లో ఓడింది, 2024 లోక్‌సభలో సున్నా. అంత డబ్బుంటే నేను చెరువే కొనుక్కునేవాణ్ని.

బూత్ ఏజెంట్
అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి రూ.40 లక్షలు, లోక్‌సభకి 95. పార్టీ ఖర్చుకి పరిమితే లేదు. అందుకే అంతా పార్టీ ఖాతాలో సభలకి, హెలికాప్టర్లకి, వీడియోలకి పోతుంది. 2024లో భీమిలి, దెందులూరు, రాప్తాడు, మేదరమెట్లలో వైసీపీ సిద్ధం సభలు జరిగాయి. జనం సముద్రంలా వచ్చారు, డ్రోన్ వీడియోలు దేశమంతా చూసింది. ఆ సభలు జరిగిన నాలుగు నియోజకవర్గాల్లోనూ ఆ పార్టీ ఓడిపోయింది. మేదరమెట్ల అంటే అద్దంకి కింద లెక్క. అవతలి పార్టీకి కూడా ఇదే జబ్బు, కాకపోతే గెలిచారు కాబట్టి ఎవరూ అడగరు. మాకు మాత్రం ఓటరు లిస్టు జిరాక్సులకి కూడా మా జేబులోంచే పెట్టుకోమంటారు. చనిపోయిన వాళ్లెవరు, వలస పోయిన వాళ్లెవరు, హైదరాబాద్ నుంచి ఎవరు వచ్చి ఓటేస్తారు అన్నది లిస్టు పట్టుకుని తిరిగితేనే తెలుస్తుంది. పై నుంచి వచ్చేదేమో ఫ్లెక్సీలు.

తుంగభద్ర
నా మొదటి ప్రశ్నకి వద్దాం. నిజం చెప్పి గెలిచినవాళ్లే లేరా? 1996లో చంద్రబాబు కిలో రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నర చేశారు. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. రెండూ 1994లో తెలుగుదేశాన్ని గెలిపించిన హామీలే. ఖజానా పరిస్థితి మీద అప్పుడే శ్వేతపత్రాలు కూడా వేశారు. 1999లో మళ్లీ గెలిచారు కదా.

ట్రెజరీ పాతకాపు
గెలిచారు. కానీ మీరు వదిలేసినవి కొన్ని ఉన్నాయి. 1994లో హామీ ఇచ్చింది ఎన్టీఆర్, తగ్గించింది ఇంకొకరు. 1999లో వాజపేయి గాలి ఉంది, బీజేపీతో పొత్తు ఉంది. ఇంకా ముఖ్యమైనది, ఆ ఏడాదే ఎన్నికలకి కొద్ది నెలల ముందు దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకి గ్యాస్ కనెక్షన్లు మొదలయ్యాయి. బియ్యంలో కోసింది గ్యాస్‌లో కనపడింది. మళ్లీ 2004లో ఉచిత కరెంటు హామీ ముందు అదే ప్రభుత్వం నిలవలేదు. కరెంటు ఉచితంగా ఇస్తే తీగల మీద బట్టలు ఆరేసుకోవాలన్న మాట ఎంతకాలం వెంటాడిందో మీకూ తెలుసు.

రాయలసీమ రైతు
నాకు తెలిసి లెక్క చెప్పి గెలిచింది 2009లో వైఎస్. అవతలివైపు నగదు బదిలీ, కలర్ టీవీలు. ఆయన కొత్తగా చెప్పింది రెండే: మనిషికి నాలుగు కిలోల బియ్యం ఆరు కిలోలు, ఏడు గంటల కరెంటు తొమ్మిది గంటలు. 156 సీట్లు.

సాగరతీరం
అది లెక్క చెప్పడం ఎలా అయింది అన్నా? తక్కువ చెప్పడం అయింది. 2004 నుంచి ఇచ్చింది కళ్ల ముందు ఉంది కాబట్టి తక్కువ చెప్పినా సరిపోయింది. పైగా చిరంజీవి పార్టీ ఓట్లు చీల్చింది, అది కూడా కలపండి.

పాలమూరు బిడ్డ
తక్కువ చెప్పడం కూడా ఒక పద్ధతే అక్కా. ఆరు బదులు రెండు గ్యారంటీలు చెప్పి, అవి బస్సు లెక్క మొదటి వారమే మొదలుపెట్టి, మిగిలింది ఖజానా చూసి చేస్తమంటే? నాకైతే ఆ పార్టీకే ఓటేయాలనిపిస్తది. మా అమ్మకు అనిపియ్యదు, అది వేరే సంగతి.

ట్రెజరీ పాతకాపు
తుంగభద్రా, నువ్వడిగిన పేజీ నేనే ఒకటి వేసి చూస్తాను, ఏ పార్టీ పేరూ లేకుండా. ఒక వైపు ఆంధ్ర సొంత పన్ను రాబడి, కేంద్రం వాటా. ఇంకో వైపు జీతాలు, పెన్షన్లు, వడ్డీ. మిగిలిన దాంట్లో ఇప్పుడున్న పథకాలు. ఆ కింద ఖాళీ గడి. కొత్త హామీ రాయాలంటే ఆ గడిలో పట్టాలి, లేదా పైన ఒకటి కొట్టేయాలి. కాగ్ అంకెలు తీయడానికి నాకు కొంచెం టైం ఇవ్వండి. పాలమూరు తెలంగాణ అంకెలు తీస్తే పక్కపక్కన పెడదాం.

పాలమూరు బిడ్డ
తీస్త మాస్టారూ. కాళేశ్వరం అప్పు కార్పొరేషన్ పేరు మీద ఉంది, అది ఏ గడిల రాయాలె?

ట్రెజరీ పాతకాపు
వడ్డీ గడిలోనే. కట్టేది ఖజానాయే కదా.

బూత్ ఏజెంట్
తయారయ్యాక పంపండి, మా ఊళ్లో పదిమందికి చూపిస్తాను. కొట్టేయాల్సిన పథకం ఏదన్నది మాత్రం మీరే వచ్చి చదవాలి మాస్టారూ, నేను మళ్లీ ఆ వీధిలోనే ఓట్లడగాలి.